రోమ్‌లో బరోక్ యాత్ర: చర్చిలు ఉచితం, గది దండగ

రోమ్‌లో హోటల్ కౌంటర్ దగ్గర నిలబడిన మొదటి ఐదు నిమిషాల్లోనే 120 యూరోలు నోట్లుగా లెక్కపెట్టి ఇవ్వాల్సి వచ్చింది. గదికి కాదు. గది డబ్బు నెల ముందే కట్టేశాం. అది నగర పన్ను. మూడు నక్షత్రాల హోటల్ అయితే తలకు, రాత్రికి 6 యూరోలు. నలుగురికి ఐదు రాత్రులు, 120. నాలుగు నక్షత్రాలకు 7.50, ఐదు నక్షత్రాలకు 10. పదేళ్లలోపు పిల్లలకు లేదు, పది రాత్రులు దాటితే ఆపైన లేదు. బుకింగ్ సైట్లలో చాలావరకు ఇది మొత్తంలో కలవదు. కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పన్ను న్యాయమైనదే, దాని మీద ఫిర్యాదు లేదు. కార్డు తీసుకోం, నోట్లే కావాలి అన్నారు, రసీదు అడిగితే రేపిస్తాం అన్నారు. ఆ రేపు ఐదు రోజులూ రాలేదు. చివరి రోజు కౌంటర్ ముందు కదలకుండా నిలబడితే గానీ కాగితం చేతికి రాలేదు. మీరు డబ్బు ఇచ్చే ముందే ‘రిచెవూతా’ అనండి. ఇటలీలో ఆ మాటకు అర్థం రసీదు, దానికి బరువుంది.

ఆ బస గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే టెర్మినీ స్టేషన్ చుట్టుపక్కల ఇలాంటివి వీధికి నాలుగున్నాయి. హోటల్ అంటే మొత్తం భవనం కాదు, పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాత్రమే. లిఫ్టు ఉందని రాశారు, ఉంది. కానీ అది మొదలయ్యేది పన్నెండు మెట్లు ఎక్కాక. అందులో ఒక మనిషీ ఒక పెట్టే పడతారు. కిటికీ ‘లోపలి ప్రాంగణం వైపు’ అని రాసుంటే దాన్ని తోట అనుకోవద్దు. నాలుగు గోడల మధ్య పొగగొట్టంలాంటి ఖాళీ అది, పగలు పదకొండింటికి కూడా దీపం వేసుకోవాలి. టిఫిన్ ఉచితం అంటే పక్క వీధిలోని బార్‌కి, అంటే కాఫీ కొట్టుకి, ఒక చీటీ. దానికి ఒక కోర్నెత్తో, ఒక కాఫీ. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు తీపి రొట్టెతో రోజు మొదలుపెట్టడం కుదరదు. మా బృందంలో పెద్దావిడ రెండో రోజుకే ఆ చీటీ పక్కన పెట్టేసి, పెట్టెలోని అటుకులు బయటికి తీశారు. రాత్రి ఎనిమిది దాటి చేరితే అదనంగా 25 యూరోలు అని మరో నిబంధన. ఢిల్లీ, దోహా, దుబాయ్ మీదుగా వచ్చే విమానాల్లో కొన్ని సాయంత్రమే దిగుతాయి కనుక ఆ వాక్యం ముందే వెతుక్కోండి.

ఈసారి వెళ్లేవాళ్లు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, ప్రకటనలో సీఐఎన్ అనే జాతీయ నమోదు సంఖ్య. 2025 జనవరి నుంచి పర్యాటక బసలు ప్రకటనలోనూ తలుపు దగ్గరా దాన్ని చూపాలి. అది లేని చోట దిగొద్దు. రెండు, పాస్‌పోర్టు వివరాలు అడిగితే ఇవ్వండి, అతిథుల వివరాలు పోలీసులకు పంపడం అక్కడి చట్టం. మూడు, చోటు. టెర్మినీ పక్కన మిగిలే పాతిక ముప్పై యూరోల కోసం ఆశపడకుండా బార్బెరీనీ మెట్రో చుట్టుపక్కల గాని, మోంతీ పేటలో గాని తీసుకోండి. కారణం, బరోక్, అంటే పదిహేడో శతాబ్దపు వంపుల, ఆడంబరాల కట్టడ శైలి, చూడ్డానికి వెళ్లేవాళ్లకు గడియారమే అసలు శత్రువు. చర్చిలు పొద్దున తెరిచి మధ్యాహ్నం పన్నెండుకో ఒంటిగంటకో మూసేస్తారు, మళ్లీ మూడుకో నాలుగుకో తెరుస్తారు. ఆ ఖాళీలో గదికి నడిచి వెళ్లి పడుకోగలిగితే సాయంత్రం మళ్లీ చూసే ఓపిక ఉంటుంది. లేకపోతే మూడో చర్చి దగ్గర ఇంట్లో ఒకరు మెట్ల మీద కూలబడి నేను రాను అంటారు.

విమానాశ్రయం సంగతి ఒక్క మాటలో: ఫ్యుమిచీనో నుంచి టెర్మినీకి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ తలకు 14 యూరోలు. నలుగురైతే 56. ఊళ్లోని పాత ప్రాకారం లోపలికి తెల్ల టాక్సీకి ఖరారు చేసిన ధర 55, సామానుతో సహా, గుమ్మం దాకా. ఇద్దరైతే రైలు, నలుగురైతే టాక్సీ. ఎక్కే ముందు ధర మాట డ్రైవరుతో అనిపించుకోండి.

ఇక అసలు విషయం. గదికీ పన్నుకీ అంత పోశాక తెలిసే సంగతి ఏమిటంటే, యూరప్‌లో బరోక్ వాస్తు పుట్టి పెరిగిన చోట దాన్ని చూడ్డానికి దాదాపు ఏమీ ఖర్చు కాదు. సెయింట్ పీటర్స్ ఉచితం. జెసూ ఉచితం. సాన్ కార్లో, సాంతాంద్రేయా, సాంతిన్యాత్సియో అన్నీ ఉచితం. సెయింట్ పీటర్స్ మైదానం అంచుల్లో గుర్తింపు కార్డు తాడు మెడలో వేసుకుని ‘లైను తప్పిస్తాం, 35 యూరోలు’ అని వెంటపడేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినొద్దు. ఆ లైను భద్రతా తనిఖీ లైను. పొద్దున ఏడుకల్లా వెళ్తే పావుగంటలో లోపల ఉంటారు. బుధవారం ఉదయం మాత్రం వద్దు. పోప్ ఊళ్లో ఉంటే ఆ రోజు మైదానమంతా సభకే.

ఆ మైదానంలో శిల్పి, వాస్తుశిల్పి బెర్నీని కట్టిన స్తంభాల వరుసల్ని (1656 నుంచి 1667) చాలామంది ఫొటో తీసుకుని దాటిపోతారు. మొత్తం 284 స్తంభాలు, నాలుగేసి వరుసలుగా, పైన 140 మంది పునీతుల విగ్రహాలు. మధ్యలో స్తూపానికి ఇటూ అటూ ఉన్న ఫౌంటెన్‌లకూ స్తూపానికీ మధ్య నేలలో గుండ్రటి రాతి బిళ్ల ఒక్కోటి ఉంది. దాని మీద నిలబడి దగ్గరి వంపు వైపు చూడండి. నాలుగు వరుసలూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే వరుసగా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే అడవిలా విచ్చుకుంటాయి. చూసేవాడు నిలబడే చోటు కూడా కట్టడంలో భాగమే. బరోక్‌లో దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా రోమ్ అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

రోజు మొత్తంలో ఒక్క చోటుకే సమయం ఉందంటే సాన్ కార్లో అల్లె క్వాత్రో ఫొంతానెకి వెళ్లండి. బార్బెరీనీ మెట్రో నుంచి ఎత్తెక్కి పది నిమిషాల నడక. సాధారణంగా పది నుంచి ఒంటిగంట దాకా తెరుస్తారు, సాయంత్రాన్ని నమ్ముకోవద్దు. బెర్నీనికి పోటీదారైన వాస్తుశిల్పి ఫ్రాంచెస్కో బొర్రొమీని సొంతంగా చేపట్టిన మొదటి పెద్ద పని ఇది. కట్టించింది త్రినితారియన్లనే స్పెయిన్ సన్యాసులు, వాళ్ల దగ్గర డబ్బు లేదు. స్థలం ఎంత చిన్నదంటే సెయింట్ పీటర్స్ గోపురాన్ని మోసే నాలుగు భారీ స్తంభాల్లో ఒకదాని పాదు మీద ఈ చర్చి మొత్తం ఇమిడిపోతుందంటారు. లోపల పాలరాయి తళుకు లేదు. ఇటుక, దాని మీద తెల్లటి గచ్చు పని. 1638లో మొదలై 1641కల్లా లోపలి భాగం తయారైంది.

లోపలికి వెళ్లగానే పైకి చూడకండి. ముందు బల్ల మీద కూర్చుని, స్తంభాల మీదుగా చుట్టూ తిరిగే గట్టు అంచును కళ్లతో ఒక చుట్టు తిప్పండి. పదహారు స్తంభాలు, గోడ ఒకచోట ముందుకు ఉబుకుతుంది, ఒకచోట వెనక్కి తగ్గుతుంది, ఎక్కడా తిన్నగా ఆగదు. ఆ చుట్టు పూర్తయ్యాక తల ఎత్తితే కోడిగుడ్డు ఆకారపు గోపురం కనిపిస్తుంది. దాని నిండా శిలువలు, షడ్భుజాలు, అష్టభుజాల గుంటలు ఒకదానిలో ఒకటి బిగించినట్టు. పైకి పోయేకొద్దీ ఆ గుంటలు చిన్నవవుతాయి, అందుకే గోపురం ఉన్నదానికంటే ఎత్తుగా అనిపిస్తుంది. అడుగున కిటికీలున్నాయి గాని, గచ్చుతో చేసిన ఆకుల అంచు వాటిని కింద నిలబడ్డవాళ్లకు కనపడనివ్వదు. వెలుగు ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోవడంతో గోపురం గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

పక్క తలుపు నుంచి సన్యాసుల చిన్న ప్రాంగణంలోకి తప్పకుండా వెళ్లండి. ఎక్కువమందికి ఆ తలుపు ఉందనే తెలియదు. నాలుగు మూలలూ మూలల్లా ఉండవు, లోపలికి ఉబ్బి ఉంటాయి. పై అంతస్తు పిట్టగోడకున్న చిన్న కమ్మీలు చూడండి. ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా. ఖర్చు పెంచకుండా ఒకే అచ్చుతో రెండు రకాలు సాధించాడు. ఈ పనికి బొర్రొమీని పారితోషికం పుచ్చుకోలేదు.

ముఖభాగం లోపలికంటే చాలా ఆలస్యంగా, 1665లో మొదలైంది. 1667లో బొర్రొమీని చనిపోయేనాటికి కింది సగమే అయింది, మిగతాది ఆయన బంధువు బెర్నార్దో పూర్తి చేశాడు. అలలా వంగే ఈ ముఖాన్ని ఫొటో తీయడం కష్టం. వీధి ఇరుకు, వెనక్కి జరగడానికి చోటు లేదు, కార్లు స్కూటర్లు మలుపు తిరిగి రయ్యిన వస్తాయి. పిల్లల చెయ్యి పట్టుకోండి. ఎదురు మూలనున్న ఫౌంటెన్ పక్కన నిలబడి, ఫోనులో వెడల్పు లెన్సు పెడితే పైదాకా వస్తుంది. అదే కూడలిలో నాలుగు దిక్కులా చూస్తే మూడు వైపుల దూరంగా మూడు స్తూపాలు, నాలుగో వైపు పోర్తా పియా ద్వారం కనిపిస్తాయి.

అక్కడినుంచి అదే వీధిలో రెండు మూడు నిమిషాలు నడిస్తే బెర్నీని కట్టిన సాంతాంద్రేయా అల్ క్విరినాలే (1658లో మొదలు). ఈ రెంటినీ ఒకే పూట చూడాలి. పన్నెండుకి మూస్తారు గనుక ఇదే ముందు, సాన్ కార్లో తర్వాత. సోమవారం సెలవు. ఇదీ కోడిగుడ్డు ఆకారమే, కానీ అడ్డంగా పడుకోబెట్టిన గుడ్డు. గుమ్మం దాటగానే పూజాపీఠం ఎదురుగా దగ్గరకొచ్చేస్తుంది. ఇక్కడ డబ్బు పోసినవాడు ప్రిన్స్ కమిల్లో పంఫీలి, అందుకే ఎర్రటి చారల పాలరాయి, బంగారు గోపురం. పీఠం పైన విరిగినట్టున్న కమానులోంచి పునీత ఆంద్రేయా తెల్లటి విగ్రహం గోపురంలోకి లేస్తున్నట్టుంటుంది. మా వాళ్లలో ముగ్గురికి ఇదే నచ్చింది. నా ఓటు మాత్రం సాన్ కార్లోకే. బెర్నీని రాయీ బంగారమూ కొనగలిగాడు. బొర్రొమీనికి ఉన్నదల్లా వృత్తలేఖిని.

సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలోని పునీత తెరెసా శిల్పం (1647 నుంచి 1652) చూడ్డానికి జనం తోసుకుంటారు. శిల్పం చూసి వచ్చేయకండి, దాని గది మొత్తం బెర్నీనిదే. వెనక పైన దాచిన కిటికీలోంచి పసుపు గాజు మీదుగా వెలుగు పూతపూసిన కమ్మీల మీద పడుతుంది. రెండు పక్కల నాటకశాల గదుల్లోంచి చూస్తున్నట్టు దీనికి డబ్బిచ్చిన కొర్నారో కుటుంబీకుల్ని చెక్కాడు. మబ్బు పట్టిన రోజున ఆ వెలుగు చచ్చిపోతుంది, ఎండ ఉన్న పూట చూసుకుని వెళ్లండి.

పియాత్సా నవోనాలో మనవాళ్లు ఆగాల్సిన కారణం ఒకటుంది. బెర్నీని నాలుగు నదుల ఫౌంటెన్ (1651) మీద ఆఫ్రికాకు నైలు, యూరప్‌కు డాన్యూబ్, అమెరికాకు రియో దె లా ప్లాతా, ఆసియాకు మన గంగ. పొడవాటి తెడ్డు పట్టుకుని కూర్చున్న గడ్డపు మగమనిషి గంగ. నది అనగానే తల్లి అని చేతులెత్తే మనకు ఇది కాసేపు మింగుడుపడదు. గ్రీకు రోమను సంప్రదాయంలో నదులు గడ్డపు దేవుళ్లు, ఆ తెడ్డు అది పడవలు నడిచే నది అని చెప్పడానికి. నైలు ముఖానికి ముసుగు ఎందుకంటే అది ఎక్కడ పుడుతుందో అప్పటికి యూరప్‌కు తెలియదు. గైడ్లు మాత్రం ఎదురుగా బొర్రొమీని కట్టిన సాంతాన్యేసె చర్చిని చూడలేక ముఖం కప్పుకుందని, పక్కవాడు అది కూలుతుందని చెయ్యి అడ్డం పెట్టాడని చెబుతారు. అది కట్టుకథ. ఫౌంటెన్ 1651లో పూర్తయింది, బొర్రొమీని ఆ చర్చి పని చేపట్టింది 1653లో.

సాంతిన్యాత్సియో చర్చిలో గంటసేపు నిలబడే లైను ఉంటుంది, అది దేనికో తెలుసుకుని మరీ తప్పించుకోండి. నడవ మధ్యలో వాల్చిన అద్దం పెట్టారు, అందులో మన ముఖమూ పైకప్పూ కలిపి ఫొటో తీసుకోవడానికే ఆ లైను. పైకప్పు చూడ్డానికి లైను అక్కర్లేదు. నేలలో పసుపు పాలరాతి బిళ్ల ఉంది, దాని మీద నిలబడితే చిత్రకారుడు ఆంద్రేయా పొజ్జో 1690ల్లో వేసిన చిత్రంలో గోడలు నిజం గోడల్లా పైకి లేచి ఆకాశంలోకి విచ్చుకుంటాయి. బిళ్ల దాటి పీఠం వైపు నడిస్తే అవే స్తంభాలు మీదికి ఒరుగుతాయి. ఇంకొంచెం ముందున్న రెండో బిళ్ల దగ్గరినుంచి కనిపించే గోపురం అసలు గోపురమే కాదు. గోపురం కట్టలేకపోయిన చోట 1685లో పొజ్జో రంగుల గుడ్డ పరిచాడు, దాదాపు 17 మీటర్ల వెడల్పు. దీపానికి నాణెం వేయాలి. ఇలాంటి పెట్టెలు రోమ్ చర్చిల్లో చాలాచోట్ల ఉంటాయి, నిమిషాల్లో ఆరిపోతాయి. ఒక యూరో, యాభై సెంట్ల నాణేలు ఒక చిన్న సంచీలో విడిగా పెట్టుకోండి. ఐదు రోజులకు మాకు 14 యూరోలు పట్టాయి. ఈ యాత్రలో అంత సార్థకమైన ఖర్చు మరొకటి లేదు.

బయటికొచ్చాక వెంటనే వెళ్లిపోవద్దు. ఆ చిన్న కూడలి రోమ్‌లో అరుదుగా దొరికే రొకోకో, అంటే బరోక్ తర్వాత వచ్చిన తేలికపాటి అలంకార శైలి. ఫిలిప్పో రగుజ్జీని 1727, 28లలో కట్టాడు. ఎదురుగా ఇళ్ల ముఖాలు నాటకం తెరల్లా వంపు తిరిగి, మధ్య సందుల్లోంచి మనుషులు రంగం మీదికి వచ్చినట్టు వస్తారు. బరోక్ దేవుడి కోసం పెద్ద గొంతుతో మాట్లాడితే, ఇది అద్దె ఇళ్ల కోసం మెల్లగా మాట్లాడింది. ఇక్కడున్న ఒక భవనంలోనే ఇప్పుడు దొంగిలించిన కళాఖండాల్ని పట్టే కారబినియేరి అనే పోలీసు దళం విభాగం ఉంది. స్పానిష్ మెట్లు (1723 నుంచి 1726) కూడా ఈ కాలానివే, కానీ వాటి మీద కూర్చోవద్దు. 2019 నుంచి 250 యూరోల జరిమానా, మెట్లు పాడుచేస్తే 400 దాకా. కాళ్లు లాగుతున్న పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే పోలీసు ఈల విని చిన్నబుచ్చుకుంటారు.

సాయంత్రం ఐదుంపావుకల్లా జెసూ చర్చిలో ఎడమ పక్క పునీత ఇగ్నేషియస్ పీఠం ముందు కూర్చోండి. ఐదున్నరకు సంగీతం మొదలై, పీఠం మీది పెద్ద చిత్రపటం నెమ్మదిగా కిందికి దిగిపోతుంది, వెనక గూటిలోంచి వెండి మెరుపుల విగ్రహం బయటపడుతుంది. ఇది పొజ్జో కాలపు యంత్రపు ఏర్పాటే. వ్యాఖ్యానం ఇటాలియన్‌లో ఉంటుంది, అర్థం కాకపోయినా నష్టం లేదు. మన గుళ్లలో తెర తీసినప్పుడు హారతి వేళ జనం ఊపిరి బిగబట్టే క్షణం గుర్తొస్తుంది. పెద్దావిడ ఆ ఒక్కచోట చేతులు జోడించారు.

పలాత్సో స్పాదాలో బొర్రొమీని మాయ నడవ ఉంది, మంగళవారం సెలవు. పొడవు దాదాపు 9 మీటర్లే, 35 మీటర్లకు పైగా అనిపిస్తుంది. నేల పైకి లేస్తుంది, కప్పు దిగుతుంది, స్తంభాలు కురచవుతాయి, చివరనున్న విగ్రహం 60 సెంటీమీటర్లే. లోపలికి నడవనివ్వరు. సిబ్బంది ఎవరైనా నడిచి చూపిస్తేనే గుట్టు బయటపడుతుంది, కొంచెం ఆగి అడగండి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం కనుక ఇదీ, పలాత్సో బార్బెరీనీ కూడా ఆ రోజు కలిసొస్తాయి. బార్బెరీనీలో ఒక పక్క బెర్నీని చదరపు మెట్లు, మరో పక్క బొర్రొమీని కోడిగుడ్డు చుట్టు మెట్లు. రెండూ ఎక్కండి.

శాకాహారులకు రెండు మాటలు. సుప్లీ అనే అన్నం ఉండల్లో చాలావరకు మాంసం కీమా కలుస్తుంది, పుంతారెల్లె ఆకుకూరలో చేప కలుస్తుంది, పెకొరీనో చీజ్‌కు పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పిజ్జా మరినారాలో చీజే ఉండదు. తూకానికి అమ్మే పిజ్జా కొట్లలో ఎంత ముక్క కావాలో చేత్తో చూపించాలి, నలుగురికి కడుపు నిండా 22 యూరోలైంది. యూదుల పాత పేటలో ఆర్టిచోక్‌ను పువ్వులా విప్పి నూనెలో రెండుసార్లు వేయించి ఇస్తారు. రేకులు అప్పడంలా విరుగుతాయి, నడుమ వెన్నలా ఉంటుంది. చలికాలం నుంచి వసంతం దాకా దాని కాలం. అక్కడి కోషెర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) హోటళ్లలో పాల పదార్థాలు వండేచోట మాంసం వండరు, చేప ఉండొచ్చు. గిన్నెలు కలుస్తాయేమోనన్న బెంగ ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. నీళ్ల సీసాలు కొనొద్దు. వీధి కొళాయిల నీళ్లు తాగేవే, కిందికి కారే మూతిని వేలితో మూస్తే పైన చిల్లులోంచి నోటికందేలా చిమ్ముతుంది.

మెట్రో, బస్సు టికెట్ 1.50, వంద నిమిషాలు చెల్లుతుంది, మెట్రో మాత్రం ఒక్కసారే. 64వ నంబరు బస్సులో జేబులు జాగ్రత్త. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, అరికాలు మందంగా ఉన్న బూట్లు తప్పనిసరి, ఆ నల్లరాళ్ల వీధులు మోకాళ్లను తినేస్తాయి.

టికెట్లు కొనేముందు క్యాలెండర్‌లో ఆదివారం ఎక్కడ పడుతుందో చూడండి. బొర్రొమీని సాంతివో చర్చి (1642 నుంచి 1660) తెరిచేది ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు వరకే, జులై, ఆగస్టుల్లో అదీ లేదు. పాత విశ్వవిద్యాలయం ప్రాంగణం చివర ఉంటుంది. నేల మీద రెండు త్రిభుజాలు కలిసిన ఆరు కోణాల నక్షత్రం, అదే నక్షత్రం తెల్లటి గోడల వెంట మడతలు పడుతూ పైకి పోయి చివరికి గుండ్రటి వెలుగు కన్నంగా మారుతుంది. మధ్యలో ఎక్కడ మారిందో పట్టుకోలేరు. మిగతా రోజుల్లో దాని మర మేకులాంటి శిఖరాన్ని సాంతెవుస్తాక్యో కూడలి నుంచి చూడొచ్చు, కానీ అది వాకిట్లో నిలబడి వంట వాసన పీల్చడమే. తిరుగు విమానం ఆదివారం ఉదయం ఉంటే సోమవారానికి మార్చుకోండి. ఒక రాత్రి అద్దె, తలకు ఇంకో 6 యూరోల పన్ను పడుతుంది. పడనివ్వండి.